మూసిన గది, కడగని ఫిల్టర్

ఏసీ వల్లే పిల్లలకు జలుబు, పెద్దలకు కీళ్ల నొప్పులు వస్తున్నాయని, అసలు ఇంట్లో ఏసీ పెట్టుకోవద్దని ఒక వ్యాసంలో చదివాను. సగమే ఒప్పుకుంటాను. మాది విజయవాడ. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 78 ఏళ్ల మా అత్తగారిని, రాత్రయినా చల్లబడని ఇంట్లో ఫ్యాన్ కిందే పడుకోబెట్టడానికి నాకు మనసొప్పదు.

అయితే రెండేళ్ల కిందట మా చిన్నవాడికి రాత్రుళ్లు పొడి దగ్గు, పిల్లికూతలు పట్టుకున్నాయి. మందులు వాడినన్నాళ్లూ తగ్గేది, ఆపితే మళ్లీ మొదలు. ఒకరోజు మా ఆయన ఏసీ మూత తీసి చూస్తే ఫిల్టర్ మీద మందంగా దుమ్ము, లోపల నల్లటి బూజు. అంతకు ముందు నెలే సర్వీసింగ్ చేశామని డబ్బులు తీసుకెళ్లారు! ఇప్పుడు పదిహేను రోజులకోసారి మేమే కడిగి, నీడలో ఆరబెట్టి బిగిస్తున్నాం. దగ్గు చాలావరకు తగ్గింది.

ఇంకో సంగతి. మన ఇళ్లలోని మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. నలుగురు తలుపులు బిగించుకుని పడుకుంటే తెల్లారేసరికి గదంతా ఉక్కగా, తల దిమ్ముగా ఉంటుంది. పడుకునే ముందు, లేచాక కాసేపు కిటికీలు తీయండి. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని నిబంధన ఉంది. మనమే 18కి దించి దుప్పట్లు కప్పుకుంటున్నాం. మేం 26 పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పి, గాలి నేరుగా మంచం మీద పడకుండా ఏసీ రెక్కలు పైకి పెట్టాం. మా అత్తగారికి పొద్దున్నే మోకాళ్లు పట్టేయడం లేదు.