కదిలే భాగాలు లేని ఫ్రిజ్ గారికి

మహారాజశ్రీ గ్యాసు ఫ్రిజ్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని ఉత్తరం మొదలుపెట్టడం మా ఇంట్లో మూడు తరాలుగా వస్తున్న మర్యాద. మేమిక్కడ క్షేమమే. తమరి క్షేమం గురించి మాత్రం, నిన్న సాయంత్రం ఆరు గంటల నుంచి రాత్రి పదకొండున్నర దాకా, గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున ఉన్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో, టార్చిలైటు నోట కరుచుకుని నేను జరిపిన విచారణ ఎంత దూరం వెళ్లిందంటే, మనిద్దరి మధ్య ఇక దాపరికాలేవీ మిగల్లేదు. అందుచేత ఈ ఉత్తరంలో కాస్త చనువు కనిపిస్తే మన్నించగలరు.

ఈ పాత ఆర్‌వీని, అంటే వంటిల్లూ పడకలూ ఉన్న ఈ చక్రాల ఇంటిని, నాకు అమ్మిన పెద్దమనిషి తమరి తలుపు మీద అరచేత్తో తట్టి, "దీంట్లో కదిలే భాగం ఒక్కటి కూడా లేదు, ఇక చెడిపోవడానికి ఏముంటుంది?" అన్నాడు. కంప్రెసర్ లేదు, మోటారు లేదు, చప్పుడు లేదు. ఆయన మాటలో రవ్వంత కూడా అబద్ధం లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయన చెప్పకుండా వదిలేసిన సంగతి ఒక్కటే: తమరిలో లేని ఆ కదిలే భాగం, తమరిని కొనుక్కున్నవాడు.

తమరి వంశం గొప్పదే, కాదనను. స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకుంటున్న బాల్ట్‌జార్ ఫన్ ప్లాటెన్, కార్ల్ మున్‌టెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో తమరి మూలపురుషుణ్ణి తయారుచేశారు. 1925లో ఎలక్ట్రోలక్స్ దాన్ని బజారులోకి తెచ్చింది. ఐన్‌స్టైన్ అంతటివాడు సిలార్డ్ అనే మరో భౌతికశాస్త్రవేత్తతో కలిసి ఇదే కోవకు చెందిన ఇంకో ఫ్రిజ్‌కు 1930లో అమెరికా పేటెంటు సంపాదించాడు. కింద మంట పెడితే బాయిలర్‌లో నీళ్లలో కరిగి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి లేచి, వెనక రెక్కల గొట్టాల్లో వేడి వదిలి ద్రవమై, లోపలి గొట్టాల్లోకి జారి, అక్కడ హైడ్రోజన్ సాంగత్యంలో మళ్లీ ఆవిరవుతూ మా పాలగిన్నెలోని వేడిని పీల్చుకుని, చివరకు నీళ్లలో కరిగి మళ్లీ మొదటికి చేరుతుందట. నిప్పు పెట్టి చల్లదనం పుట్టించే ఈ చమత్కారం గురించి చదువుతున్నంతసేపూ చేతులెత్తి మొక్కాలనే అనిపిస్తుంది. చీకటి పడుతుండగా క్యాంప్‌గ్రౌండ్‌లో తమరి ముందు గొంతుకూర్చున్నప్పుడు మాత్రం అలా అనిపించదు.

మా వైపు నుంచి మర్యాదలో లోపం జరిగిందని తమరు అనలేరు. తమరు చల్లబడడానికి ఒక రాత్రయినా కావాలని తెలుసు కనుక, ఫీనిక్స్‌లో బయలుదేరడానికి ఒక రోజు ముందే ఇంటి కరెంటుకు తగిలించి, ఖాళీ అరల్లో మంచినీళ్ల సీసాలు పేర్చి, తలుపు రబ్బరు సరిగ్గా పట్టుకుంటున్నదో లేదో ఒక డాలరు నోటు ఇరికించి లాగి మరీ చూసుకున్నాను. వెలుగుతున్న మంటను వెంటబెట్టుకుని హైవే మీద పోవడం నాకు ఇష్టం లేక, దారి పొడవునా సిలిండరు కట్టేసి ఉంచాను. మే నెల ఎండలో ఫీనిక్స్ నుంచి దాదాపు 230 మైళ్లు నడిపి, సుమారు 7,000 అడుగుల ఎత్తుకు ఎక్కివచ్చాం. మేథర్‌లో కరెంటు కనెక్షన్లు ఉండవు, జనరేటరు నడపడానికి వేళలు ఉన్నాయి. ఇక తమరికి గ్యాసే గతి, మాకు తమరే గతి. మీట నొక్కాను. టిక్ టిక్ టిక్ అని మూడు విడతలు చప్పుడు చేసి, తమరు "చెక్" అనే ఎర్రదీపం వెలిగించి మౌనం దాల్చారు.

ఆ దీపం గురించి చెప్పక తప్పదు. గ్యాసు అసలు రాలేదా, వచ్చినా నిప్పురవ్వ పడలేదా, రవ్వ పడినా మంట నిలవలేదా, మంట నిలిచినా ఆ సంగతి థర్మోకపుల్ అనే, వేడిని పసిగట్టే తీగ చేరవేయలేదా, లేక బ్యాటరీ నీరసించిందా? ఇన్ని జబ్బులకూ తమరి దగ్గరున్న మాట ఒక్కటే. మా ఊరి తాలూకా ఆఫీసు నుంచి తిరిగొచ్చిన కాగితాల మీద కూడా "తగు చర్య నిమిత్తం" అని ఒక ముక్క ఎక్కువ ఉండేది.

నిజానికి తమరి కంటే ముందు వివరంగా సంగతి చెప్పింది మా ఇడ్లీ పిండి. పొద్దున రుబ్బి తమరి కడుపులో పెట్టిన ఆ పిండి సాయంత్రానికి పొంగి, డబ్బా మూత పైకెత్తి, అర అంచు మీదుగా జారి, కింద ఉన్న పచ్చిమిరపకాయల సంచిలోకి చుక్కచుక్కగా దిగుతున్నది. "ఏమండీ, ఫ్రిజ్‌లో పిండి పులుస్తోందంటే అది ఫ్రిజ్ కాదు, వంటిల్లు" అని మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

అప్పుడు రంగంలోకి దిగినవారు మా నాన్నగారు. వేసవికని మా దగ్గరికి వచ్చిన ఆయన, ఉద్యోగకాలంలో చాలా ఏళ్లు పాడేరు ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాంపౌండరుగా పనిచేశారు. ఆర్‌వీ బయటి పక్కన తమరి వీపు కనిపించేలా ఉన్న చిన్న తలుపు తీయగానే, బాయిలర్‌నూ పొగగొట్టాన్నీ చూసి, చాలాకాలానికి పాత స్నేహితుడు ఎదురైనట్టు నవ్వారు. "ఒరేయ్, ఇది మేము టీకా మందులు పెట్టుకున్న కిరసనాయిలు ఫ్రిజ్జే కదరా! ముందు మట్టం చూశావా?" అన్నారు.

చూడలేదు. మాన్యువల్‌లో పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీలు మించి ఒరగకూడదని ఉన్నా, అది మర్యాద కోసం రాసిన మాట అనుకున్నాను. నాన్నగారు రసమట్టం అడిగారు; లేదన్నాను. ఒక స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి తమరి అడుగు అరలో పెట్టించారు. నీళ్లు ఒకవైపు అంచును తాకుతూ, రెండోవైపు పళ్లెం అడుగు బయటపడింది. నీరు పల్లమెరుగు అంటారు కదా, తమరి రక్తనాళాల్లోని ద్రవానికి తెలిసింది కూడా ఆ పల్లం ఒక్కటే. తోసే పంపు లేదు కనుక, ఒరిగితే ఆ ద్రవం దారిలో మడుగు కట్టి నిలిచిపోతుంది, బాయిలర్ ఎండిపోయి మాడుతుంది, తుప్పు పట్టకుండా అందులో కలిపిన సోడియం క్రోమేట్ గడ్డకట్టి గొట్టాన్ని మూసేస్తుంది, అలా మూసుకుపోయింది మళ్లీ తెరుచుకోదు. నాన్నగారు బాయిలర్ దగ్గర ముక్కు పెట్టి చూసి, "అమ్మోనియా వాసన లేదు, పసుప్పచ్చ పొడి లేదు, ప్రాణం ఉంది" అని ప్రకటించారు. పక్క సైటు పెద్దాయన ఇచ్చిన చెక్క దిమ్మెలను కుడి చక్రాల కింద పెట్టి, బండిని వాటి మీదికి ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి, పళ్లెంలో నీళ్లు సమంగా నిలిచేసరికి ఎనిమిదయింది. కదిలే భాగం లేని తమరి కోసం కొన్ని టన్నుల బండి కదిలింది.

మళ్లీ మీట నొక్కితే మళ్లీ "చెక్". స్టవ్ వెలిగించి చూస్తే మంట మిణుకుమంటున్నది. సిలిండరు తల నేను తొందరలో ఒక్కసారిగా తిప్పడంతో, ఎక్కడో గొట్టం తెగిందని పొరబడి రక్షణ వాల్వు గ్యాసును బిగబట్టింది. కట్టేసి, కొంతసేపు ఆగి, ముద్దుగా తిప్పి, గొట్టంలో చేరిన గాలి పోయేదాకా స్టవ్ వెలిగించి ఉంచాక, ఆ మంట మనుషుల్లో పడింది. ఈలోగా నాన్నగారికి ఒక సందేహం వచ్చింది. గ్యాసుతో నడిచేదానికి బ్యాటరీ దేనికని. తమరి బుర్రలోని సర్క్యూటు బోర్డుకు 12 వోల్టులు అందకపోతే గ్యాసు వాల్వు తెరుచుకోదని వివరించాను. "మా దానికి బుర్ర ఉండేది కాదు, అందుకే చెప్పినట్టు వినేది" అన్నారు.

ఈసారి తమరు భగ్గుమన్నారు. నేను సంతోషంతో లేవబోతుంటే నాన్నగారు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, "మంట ఏ రంగులో ఉంది?" అని అడిగారు. రెండున్నర గంటలుగా దీపం రంగు చూస్తున్నానే తప్ప, మంట రంగు చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. నీలంగా, గట్టిగా నిలబడవలసిన మంట పసుప్పచ్చగా నాలుకలు చాపి, రెండుసార్లు వణికి ఆరిపోయింది. సిలిండరు కట్టేసి, బర్నరు విప్పి, టార్చిలైటు వెలుగులో చూస్తే, పైన పొగగొట్టం నుంచి రాలిన తుప్పు పొరలు, లోపల గాలి చేరే గొట్టంలో తెల్లగా, నేర్పుగా అల్లిన సాలెగూడు. లీకైతే తెలియడానికని ప్రొపేన్‌లో కలిపే వాసన సాలీళ్లకు మహా ప్రీతి అని ఆర్‌వీలవాళ్లు చెప్పుకుంటారు. శ్రీకాళహస్తిలో సాలీడు శివలింగం మీద గూడు అల్లి, దీపం మంటకు అది కాలిపోతే కోపగించి ముక్తి పొందిందని చిన్నప్పటి నుంచి విన్నాం. ఇక్కడి సాలీడు ఇంకా తెలివైనది, దీపాన్నే వెలగనివ్వలేదు.

గ్యాసు చిమ్మే సన్న రంధ్రమున్న జెట్టు కూడా మూసుకుందేమోనని నేను మా ఆవిడ జాకెట్టు నుంచి పిన్నీసు అందుకున్నాను. పంపు స్టవ్‌కు పిన్ను పొడిచి పెరిగిన చేతులు ఇవి, ఏ దేశం వచ్చినా అలవాటు పోదు. పక్క సైటు పెద్దాయన పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా మంట లెక్క తప్పుతుందట. స్పిరిట్‌లో నానబెట్టి ఊదడమే తప్ప పొడవకూడదట. సాలెగూడును పాత పళ్ల బ్రష్షుతో తీసి, తుప్పు దులిపి, జెట్టును స్పిరిట్‌లో ముంచి, ఆరబెట్టి, బిగించి, సబ్బునీళ్లతో లీకు చూసుకుని వెలిగించేసరికి పదకొండున్నర. ఇంత ఎత్తున గాలి పలుచన కనుక ఆ పూట కూడా తమరు బెట్టు చేస్తారని భయపడ్డాను గానీ, నీలం మంట బుస్సుమని నిలబడింది. ఎర్రదీపం వెలగలేదు. నాన్నగారు దానివైపు చూడనైనా చూడలేదు, మంట వైపే చూస్తూ కూర్చున్నారు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెబుతాను. చేతులు కడుక్కోవడానికి బయటి కుళాయి దగ్గరికి వెళితే వేళ్లు కొంకర్లు పోయాయి. థర్మామీటరు 4 డిగ్రీల సెల్సియస్ చూపిస్తున్నది, అంటే తమరిలో ఎంత ఉండాలని నేను ఐదున్నర గంటలు పాటుపడ్డానో సరిగ్గా అంత. "బయటే ఇంత చలిగా ఉంటే, పాలగిన్నె ఆ బల్ల మీద పెడితే పోయేదానికి ఇదంతా ఎందుకురా?" అన్నారు నాన్నగారు. తిండి బయట పెట్టకూడదనే నిబంధన గురించి చెప్పబోతుండగా, ఎల్కు అనే గుర్రమంత దుప్పి ఒకటి మా బల్లను వాసన చూసుకుంటూ నింపాదిగా నడిచిపోయింది. నాన్నగారు మరి మాట్లాడలేదు.

తమరి చలవ వల్ల ఈ పూట పాలు చల్లగానే ఉన్నాయి. పులిసిన పిండితో దోసెలు పోసి పక్క సైటు పెద్దాయనకు రెండు పంపించాం. ఇకనుంచి ప్రతి మజిలీలోనూ తమరికి ముందుగా పళ్లెంలో నీళ్లు నివేదించి, ఆ తర్వాతే మేము దిగుతాము.

ఇట్లు,
తమరి కదిలే భాగం

తా.క.: రాత్రి చలికి పాలు తోడుకోవని మా ఆవిడ బెంగపెట్టుకుంటే, నాన్నగారు తోడు వేసిన గిన్నెను తమరి పక్క అలమరలో, పొగగొట్టం వేడి తగిలే గోడకు ఆనించి పెట్టారు. తెల్లారేసరికి పెరుగు గడ్డలా తోడుకుంది. దాన్ని చల్లబరచమని ఇప్పుడే తమరి లోపల పెట్టాం.