నున్నగా చేసి పెట్టాడంట!

చేతులు ఇంకా వణుకుతున్నాయి. అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గ్యారేజీ తలుపు తీశానో లేదో వార్నీషు వాసన గుప్పుమంది. మేకుకు నా రైఫిలు కుందా, అదే దాని కర్ర భాగం, వేలాడుతోంది. ఫంక్షన్ హాలు కుర్చీలా తళతళా మెరుస్తోంది. పక్కన మా బావమరిది. చేతిలో శాండర్, కనుబొమల నిండా కర్రపొట్టు, మొహం నిండా నవ్వు. "సర్‌ప్రైజ్ బావా! ఎంత గరుగ్గా ఉండేదో చూడు, నున్నగా చేసి పెట్టా."

అవునురా నాయనా, నున్నగానే చేశావు. ఎనభై ఏళ్ళ చరిత్రను ఒక్క పూటలో పొట్టు చేసి ఊడ్చిపెట్టావు.

ముందే చెప్తున్నా, "అమెరికా పోయి తుపాకులేంటి అన్నా", "సీమోడివి కదా, రక్తంలోనే ఉంటుందిలే" అనే జోకులు ఇక్కడ వద్దు. నంద్యాల పక్కన పుట్టిన పాపానికి కాలేజీ నుంచీ వింటున్నా. ఇనుప భాగాలన్నీ సేఫులో ఉన్నాయి, తాళం నా దగ్గరుంది. బయట ఉన్నది ఉత్త కర్ర, అవిసె నూనె పట్టించి ఆరబెట్టుకున్న కర్ర. దాన్ని కూడా సేఫులో పెట్టి తాళం వేసుకోవాలని నాకేం తెలుసు?

ఇంతకీ అదేం తుపాకీ అంటారా. టెక్సాస్‌లో ఒక పాత సామాన్ల మేళాలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతుంటే ఒక ముసలాయన బల్ల మీద కనబడింది. లీ-ఎన్‌ఫీల్డ్, బ్రిటిష్ సైన్యం వాడిన పాత రైఫిలు. ఇలాంటివి ఇక్కడ బోలెడు, అందులో వింతేమీ లేదు. తిప్పి చూస్తే బోల్టు వెనక ఇనుము మీద కిరీటం, కింద జీఆర్ఐ, దాని కింద ఇషాపూర్, 1942. కలకత్తా పక్కన తుపాకుల ఫ్యాక్టరీ ఉన్న ఇషాపూర్! జీఆర్ఐ అంటే జార్జి రెక్స్ ఇంపరేటర్, రాజూ చక్రవర్తీ అయిన జార్జి దొరవారు. 1950 తర్వాత చేసిన వాటి మీద ఆ కిరీటం పోయి మన నాలుగు సింహాలు వచ్చాయి. అక్కడే నిలబడి బేరం కూడా ఆడకుండా కొనేశా. కూరగాయల దగ్గర రూపాయి తగ్గించకపోతే కదలని మనిషిని నేను.

ఎందుకంటే మా నాన్న భుజాన మోసింది ఇదే. త్రీ నాట్ త్రీ. ఏపీఎస్పీలో, అంటే ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీసులో, కర్నూలు బెటాలియన్. నా చిన్నప్పుడు ఆయన కూర్చుని పుల్‌త్రూకి చిందీ గుడ్డ కట్టి బ్యారెల్లోంచి లాగడం గురించి చెప్తుంటే రామాయణం విన్నట్టు వినేవాణ్ణి. బట్టు, అంటే భుజానికి ఆనించే కర్ర, దాని వెనక ఇత్తడి ప్లేటుకు చిన్న తలుపుంటుంది. తీస్తే లోపల ఆ పుల్‌త్రూ తాడు, నూనె బుడ్డీ. నా దానికీ ఉంది ఆ తలుపు. తెరిచిన రోజు లోపల గోధుమరంగు జిడ్డు తప్ప ఏమీ లేదు, అయినా కాసేపు అలా చూస్తూ కూర్చున్నా.

ఆ జిడ్డు వదిలించడానికి పట్టిన కాలం చెప్తే నవ్వుతారు. కాస్మొలిన్ అంటారు, తుప్పు పట్టకుండా మిలటరీ వాళ్ళు పూసి డిపోల్లో పడేసే మైనం లాంటి గ్రీజు. కర్ర లోపలికి దిగిపోతుంది. ఎండాకాలమంతా కుందాని పాత బనీన్లలో చుట్టి, నల్ల చెత్త కవర్లో పెట్టి, కారు డ్యాష్‌బోర్డు మీద ఎండబెట్టా. సాయంత్రానికి కర్ర చెమట పట్టేది. తుడవడం, మళ్ళీ చుట్టడం. సొట్టలుపడ్డ చోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి కర్ర ఉబ్బి పైకి లేస్తుంది. (ఆ ఇస్త్రీపెట్టె తర్వాత నా భార్య పట్టుచీర మీద పెట్టింది. ఆ సంగతి ఇంకో పోస్టు.) ఇన్ని చేశా గానీ ఉప్పు కాగితం మాత్రం ముట్టుకోలేదు. ఈ పాత తుపాకుల మనుషుల్లో మొదటి సూత్రం అదే. గీకావా, పోయింది.

ఏం పోయింది అంటారేమో. బట్టు కుడి పక్కన గుండ్రటి ముద్ర ఉండేది, గోరంత. దాని పక్కన ఎవరో తెల్ల పెయింటుతో వేసిన నంబరు, సగం రాలిపోయి. మా నాన్నకు వీడియో కాల్లో చూపిస్తే ఆయన అడిగిన మొదటి మాట, "బట్టు నంబరు ఎంతరా?" ఆయన తుపాకీ నంబరు ఆయనకు ఇప్పటికీ గుర్తు. పెళ్ళిరోజు అడిగితే అమ్మ వైపు చూస్తాడు. ఆ తెల్ల నంబరు ఏ ఊరి ఆర్మరీలోనో, ఎవడి వాటాదో, వాడు దాన్ని ఎన్ని రాత్రులు మోశాడో. ఇప్పుడక్కడ వార్నీషులో నా మొహం కనబడుతోంది.

అంతటితో ఆగాడా? ఈ ఇషాపూర్ రైఫిళ్ళలో చాలావాటికి ముందు కర్రలో అడ్డంగా ఒక స్క్రూ దించి ఉంటుంది. మన ఎండలకూ వానలకూ కర్ర పగలకుండా అక్కడి పనివాళ్ళు వేసిన బందోబస్తు. ఇంగ్లండులో చేసినవాటికి అది ఉండదు. ఇది మనదే అని దూరం నుంచే చెప్పే గుర్తది. మావాడేమన్నాడో వినండి. "ఏదో తుప్పు మేకు దిగబడి ఉంటే పీకేసి పుట్టీ పెట్టేశా బావా, కనబడట్లేదు చూడు." కనబడట్లేదురా. నిజంగానే కనబడట్లేదు.

"లోపలి గాడి కూడా నున్నగా చేశా" అన్నాడు, అడక్కుండానే. బ్యారెలూ బాడీ కూర్చునే గాడి అది. పేల్చినప్పుడు దెబ్బంతా వెనక రెండు మూలల మీద పడుతుంది. అక్కడ కాగితం మందం తేడా వచ్చినా కర్ర కదులుతుంది, ఇవాళ కాకపోతే రేపు చీలుతుంది. బయట కూడా కర్ర తగ్గిపోయి బట్టు ఇత్తడి ప్లేటు అంచు పైకి తేలింది, వేలు పెడితే గోరుకు తగులుతోంది. పోయిన కర్రను తిరిగి అంటించే నూనె ఏ కొట్లో అమ్ముతారో చెప్పమనండి.

నా భార్య ఏమందో తెలుసా? "పాపం పొద్దున్నుంచీ కష్టపడ్డాడు, తిండి కూడా తినలేదు, దానికీ ఏడుపేనా?"

సరే, మింగాను. చేతులు కడుక్కుందామని మూలకు పోతే బెంచీ కింద నా డబ్బా లేదు. ఖాళీ కేసుల డబ్బా. పేల్చిన తూటాలో గుండు పోగా మిగిలే ఇత్తడి గొట్టం, పోలీసు భాషలో ఖోకా. సరిగ్గా అరవై. "ఖాళీవే కదా బావా, కాల్చేసినవి. రీసైక్లింగు డబ్బాలో వేశా." ఆ బండి పొద్దున్నే వచ్చి పోయింది.

మీలో చేత్తో తూటాలు కట్టుకునేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళకు కడుపు తరుక్కుపోయి ఉంటుంది. మిగతావాళ్ళకు చెప్తా. బురదలో దొర్లిన తూటా కూడా పట్టాలని ఈ రైఫిలు చాంబరు, అంటే తూటా కూర్చునే గూడు, కాస్త వదులుగా కోశారు. పేలినప్పుడు కేసు ఉబ్బి ఆ చాంబరు ఆకారంలోకి వస్తుంది. దర్జీ కొలత తీసుకున్నట్టే. మళ్ళీ నింపేటప్పుడు దాన్ని ఫ్యాక్టరీ సైజుకు నొక్కేస్తే, పేల్చిన ప్రతిసారీ సాగి సాగి అడుగు దగ్గర పలచబడి రెండు ముక్కలవుతుంది. అందుకే మెడ ఒక్కటే నొక్కాలి, ఒళ్ళు ముట్టుకోకూడదు. ప్రతి కేసులో కొన వంచిన సన్నటి తీగ పెట్టి లోపల గాడి పడిందేమో తడిమి, ఎన్నోసారి నింపానో పుస్తకంలో రాసుకున్నవి అవి. ఇంకే తుపాకీకీ సరిపోవు, నా దానికి తప్ప. పాత మిలటరీ తూటాలు కొనుక్కోవచ్చు కదా అంటారేమో, వాటి ప్రైమర్లు, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్ళలు, పేలాక బ్యారెల్లో ఉప్పు మిగులుస్తాయి, అదే రోజు మరిగే నీళ్ళతో కడక్కపోతే బ్యారెలు తుప్పు. చాలావాటి ఖోకాలు తిరిగి నింపడానికీ కుదరదు.

నాన్న చెప్పేవాడు. ఫైరింగ్ ప్రాక్టీసు అయ్యాక ఖోకాలు లెక్క అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గితే ఎండలో మోకాళ్ళ మీద ఇసకంతా జల్లెడ పట్టినట్టు వెతకాలి, దొరికేదాకా అన్నం లేదు. ఒక్కదానికి. ఇక్కడ అరవై పోతే నేను "పర్లేదులేరా" అనాలి.

2008 నవంబరు 26 రాత్రి టీవీలో ముంబై సీఎస్‌టీ స్టేషన్ చూపిస్తున్నారు. అటు ఏకే-47లు, ఇటు మన పోలీసుల చేతుల్లో త్రీ నాట్ త్రీలు. నాన్న చూస్తూ చూస్తూ "అది నా తుపాకేరా" అని లేచి బయటికి పోయాడు. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే నాడు. అంతకాలం మోయించారు దాన్ని. మోసినవాడి చెమట మరకే కదా ఆ కర్ర మీద ఉన్నది. దాన్ని "మురికి" అన్నాడు మావాడు.

అయినా వీణ్ణి అనేం లాభం, ఆ ఇంటి పద్ధతే అంత! ఇన్నేళ్ళూ అనలేదు, ఇవాళ అంటున్నా. మా జేజి నా పెళ్ళికి ఒక ఇత్తడి గుండిగ ఇచ్చింది. దాని మూతి మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించి ఉండేది, ఆమె పెళ్ళినాటిది. ఫ్లయిటు ఎక్కేటప్పుడు బరువని అత్తగారింట్లో దాచమని ఇచ్చాం. మరుసటి సంవత్సరం పోయి అడిగితే, "పాత సామాన్ల బండి వచ్చింది అల్లుడూ, ఎక్స్‌చేంజిలో నాలుగు స్టీలు డబ్బాలు ఇచ్చాడు, చూడు ఎట్లా మెరుస్తున్నాయో!" ఆ మెరుపు చూసి నేను నవ్వాను కూడా. కొత్త అల్లుణ్ణి మరి. జేజి పేరు ఎక్కడో కరిగిపోయింది, ఆ డబ్బాల్లో ఇప్పటికీ కందిపప్పు పోస్తున్నారు. వాళ్ళ ఊరి గుళ్ళో రాతి నందికి ఎనామిల్ పెయింటు కొట్టించిన కమిటీలోనూ మా మామగారున్నారు. నందికి లిప్‌స్టిక్ ఒక్కటే తక్కువ. పోయినసారి వెళ్ళినప్పుడు దాని ముందే నిలబెట్టి నాకు ఫొటో తీశారు.

ఇందాక నాన్న ఫోన్ చేశాడు. "ఏందిరా, నూనె ఆరిందా? ఒకసారి బట్టు చూపీ." కెమెరా సీలింగు వైపు తిప్పి, సిగ్నల్ లేదు నాన్నా అని పెట్టేశా. టెక్సాస్ నడిబొడ్డున, వైఫై రౌటరు పక్కన కూర్చుని.

పైనుంచి వాడి గొంతు వినబడుతోంది. "బావా, కర్ర ముట్టుకోకు, పొద్దున్నే రెండో కోటు వేస్తా!"