స్థితిగతులు బాగాలేని జబ్బు

నాకేదో జబ్బుందని మా ఆవిడ పదిహేనేళ్లుగా అంటూనే ఉంది. ఆవిడ పెట్టిన పేరు బద్ధకం. వైద్యశాస్త్రంలో అలాంటి జబ్బు లేదు. అసలు పేరు మొన్న నేనే పట్టుకున్నాను: అబేసియా. నడవలేకపోవడం అని అర్థం.

1888లో పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో, షార్కో అనే మహావైద్యుడి శిష్యుడు పాల్ బ్లాక్ ఒక వింత రోగాన్ని వర్ణించాడు. మంచం మీద ఉన్నంతసేపూ రోగి కాళ్లు భేషుగ్గా ఆడతాయి. బలం తగ్గలేదు, స్పర్శ పోలేదు. లేచి నిలబడమంటే మాత్రం నిలబడలేడు, నడవమంటే నడవలేడు. కొందరు నడవలేరు గానీ గెంతగలరు! దీనికి అస్టేసియా-అబేసియా అని పేరు పెట్టారు. పాపం, వాళ్లది నటన కాదు, నిజమైన బాధ. నవ్వాల్సింది వాళ్లని కాదు, నన్ను.

పేరులోనే ఉంది అసలు సంగతి. ముందున్న 'అ' మన అన్యాయం, అధర్మంలో ఉన్న అకారమే. గ్రీకులో స్టాసిస్ అంటే నిలబడటం, బాసిస్ అంటే అడుగు. స్టాసిస్ మన సంస్కృత 'స్థితి'కీ, బాసిస్ మన 'గతి'కీ తోడబుట్టినవే. బ ఎక్కడ, గ ఎక్కడ అనకండి. తాతగారి ముక్కు మనవళ్లందరికీ ఒకేలా వస్తుందా ఏమిటి? కాబట్టి ఈ జబ్బుని తెలుగులో చెప్పాలంటే, స్థితిగతులు లేకపోవడం. బంధువుల స్థితిగతుల గురించి పెళ్లిచూపుల్లో ఇన్నిసార్లు వాకబు చేశాం గానీ, అడుగుతున్నది నిలబడగలరా, నడవగలరా అని మనకే తెలీదు.

ఆ బాసిసే ఇంగ్లీషువాళ్ల బేసిస్. కాలు ఆనే చోటు. మా మేనల్లుడు ఆరేళ్లుగా 'కాంట్రాక్ట్ బేసిస్ మీద' పనిచేస్తున్నాడు. వాడి కాలు ఇంకా ఎక్కడా ఆనలేదు. డయాబెటిస్ కూడా ఈ ఇంటిదే. బాసిస్ ఏ క్రియ నుంచి పుట్టిందో దాని నుంచే అదీ పుట్టింది. తాగిన నీళ్లు ఒంట్లో నిలవకుండా దాటి వెళ్లిపోతాయని ఆ పేరు. మనం నడవడం మానేస్తే ఒంట్లో షుగర్ నడవడం మొదలుపెడుతుందన్నమాట.

ఇక నా కేసు. మా గేటు దగ్గర నిలబడితే కిరాణా కొట్టు కనిపిస్తుంది. కొట్టతను ఎవరికి ఎంత తూస్తున్నాడో కూడా కనిపిస్తుంది. మొన్న సాయంత్రం పోపు మాడుతుండగా లోపలి నుంచి కేక: "ఏవండీ, కరివేపాకు!" నేను వెంటనే బయల్దేరాను. అంటే, తాళంచెవి వెతికాను. మెట్ల కింద ఉన్న స్కూటర్ మీద కవర్ తీశాను, మడత పెట్టాను. అడ్డంగా ఉన్న పూలకుండీ జరిపాను. రెండు గేట్లూ బార్లా తెరిచాను. సెల్ఫ్ పనిచేయలేదు, కిక్కు కొట్టాను, పద్నాలుగుసార్లు. ఈలోగా కొట్టు కుర్రాడు ఈల వేసుకుంటూ నడిచొచ్చి కరివేపాకు నా చేతిలో పెట్టి, "ఆంటీ ఫోన్ చేశారు సార్" అని వెళ్లిపోయాడు.

ఇదే నేను, ఏటా అలిపిరి నుంచి తిరుమలకు సుమారు 3,500 మెట్లు ఎక్కుతాను. నడవలేనివాడు గెంతగలడని బ్లాక్ గారు ఊరికే రాయలేదు.

నిన్న డాక్టరుగారు రిపోర్టు చూసి, రోజూ అరగంట నడవమన్నారు. నా రోగం పేరు, గ్రీకు మూలంతో సహా వివరించాను. ఆయన కళ్లజోడు తీసి, "పైకి ఎలా వచ్చారు?" అన్నారు. లిఫ్టులో అన్నాను. ఆసుపత్రి మొదటి అంతస్తులోనే ఉంది.

ఈ ఉదయం పాలు విరిగిపోయాయి, ఇంకో ప్యాకెట్ కావాలి. స్కూటర్ చూస్తే వెనక టైరు పంక్చర్. గేటు దాకా వెళ్లాను. కొట్టు కనిపిస్తూనే ఉంది. కుర్రాడు చెయ్యి ఊపాడు కూడా. కాసేపు నిలబడ్డాను. ఇక గతి లేక ఫోన్ చేశాను.