ఫ్యాన్ లేని పవర్ సప్లై వారికి ఒక విన్నపం

విషయం: తమరి మౌనం వల్ల మా ఇంట్లో పెరిగిన చప్పుడు గురించి.

ఆర్యా,

బల్ల మీది చిన్న కంప్యూటర్ డబ్బాలో, గోడ కరెంటుని లోపలి భాగాలకి తగ్గట్టు మార్చి ఇచ్చే పని మీద కొలువుదీరిన రోజు నుంచి తమరు ఒక్కసారి కూడా గొంతెత్తలేదు. తిరిగే భాగం ఒక్కటీ లేనివారు ఎందుకు ఎత్తుతారు లెండి. నా ఫిర్యాదు తమరి పక్కనున్న వాళ్ళ గురించి.

ద్వారకానగర్‌లో షాపు కుర్రాడు "ఏటి సార్, ఫ్యాన్ లేకుండా ఎలాగ? అదీ మన వైజాగ్‌లో?" అంటే తమరి తరఫున నేనే వాదించాను. కరెంటు వృథా చెయ్యరని ఇచ్చే 80 ప్లస్ టైటానియం ముద్ర నెత్తిన ఉంది, అంటే మన 230 వోల్టుల కరెంటు మీద, సగం లోడు దగ్గర, గోడలోంచి తీసుకున్న దాంట్లో నూటికి 96 వంతులు లోపలివాళ్ళకి పంచి మిగతా 4 మాత్రమే వేడిగా పోగొడతారు. నా కంప్యూటర్ ఎంత ఆయాసపడినా 120 వాట్లు దాటదు, అంత తక్కువ లోడు దగ్గర వృథా కాస్త పెరిగినా తమరి వల్ల పుట్టే వేడి ఏడెనిమిది వాట్లు, తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు తినే కరెంటు కన్నా తక్కువే. ఈ మాత్రం దానికి ఫ్యాన్ ఎందుకు? లెక్కలో తప్పు లేదు, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

లెక్కలోకి రానిది ఇంకోటి ఉంది. పాత పవర్ సప్లైలో ఉండే ఆ ఫ్యాన్ తన వేడి ఒక్కటే కాదు, డబ్బాలో పోగైన వేడి గాలిని కూడా వెనక నుంచి బయటికి తోసేది. ఒక జీతానికి రెండు పనులు. తమరు దాదాపు రెండింతల జీతం మీద చేరి మొదటి పని అక్కర్లేదన్నారు, సరే, మరి రెండోది ఎవరికి అప్పజెప్పారు? పెద్దసారు సెలవు పెడితే ఫైళ్ళన్నీ గుమస్తా బల్ల మీదికి వచ్చి పడినట్టు, అదంతా ప్రాసెసర్ మీద కూర్చున్న 92 మిల్లీమీటర్ల బుల్లి ఫ్యాన్ నెత్తిన పడింది. పెద్ద రెక్కల 120 మి.మీ. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ తోసేసే గాలిని ఈ పిల్లది తోయాలంటే పరుగెత్తాలి, పరుగెత్తితే కీచుమంటుంది, ఆ కీచుదనం తమరి ఖాతాలో రాయకుండా తమరిని మాత్రం నిశ్శబ్దం అని పొగుడుతున్నారు.

దీనికి తోడు మే నెల. రాత్రి పదకొండింటికి కూడా గదిలో 32 డిగ్రీలు. (ఉక్కపోత తమరిని ఏమీ చెయ్యదు, చెమట పట్టేవాళ్ళకే అది, ఇనుముకీ రాగికీ గది ఎంత వేడిగా ఉందన్నదే లెక్క.) డబ్బా లోపల వేడి ఆ 32 మీద మొదలై పైకి పోతుంది. తమరి కడుపులో కరెంటుని కాసేపు దాచిపెట్టే కెపాసిటర్ల ఆయుష్షు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారుగా సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చెప్తారు కదా, అంటే ప్రాసెసర్ పంపే సెగకి తమరు అక్కడే నోరు మూసుకుని ఉడుకుతున్నారన్నమాట.

డబ్బా మరీ చిన్నది అంటారేమో. 2001లో వయా కంపెనీ మినీ ఐటీఎక్స్ అని 170 మిల్లీమీటర్ల చదరం బోర్డు కనిపెట్టింది, దాని పక్కన తమరు పెద్ద కంప్యూటర్లకి వాడే ఏటీఎక్స్ కొలతల్లో 150 వెడల్పు, 86 ఎత్తుతో దిగారు, పైగా వేడి గాలి తనంతట తాను పైకి పోవాలి కాబట్టి జల్లెడ వైపు పైకే ఉండాలని నియమం. పెద్దమనిషికి పైన ఖాళీ కావాలి, చుట్టూ ఖాళీ కావాలి. ఇంత చోటుంటే నేను చిన్న డబ్బా ఎందుకు కొంటాను? ఆ పికో పీఎస్‌యూ అనే బుల్లి పవర్ సప్లైని చూడండి, బోర్డు కనెక్టర్ మీదే ఎక్కి కూర్చుంటుంది, గోడ కరెంటుని మార్చే అడాప్టర్ ఇటుక బల్ల కింద పడి ఉంటుంది, ఆ వేడి డబ్బాలోకే రాదు. చిన్న ప్రాసెసర్లకి అదే సరిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం దండం పెట్టాలి. మా ఎంవీపీ కాలనీలో ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పడతాయి, ఆ గాలిని తమరు పీల్చుకోరు. తమరి వాటా కూడా ఇప్పుడు బుల్లి ఫ్యానే పీలుస్తోంది.

గొంతెత్తలేదని పైన రాసింది మర్యాద కోసం. వెబ్‌పేజీ కిందికి జరిపినప్పుడల్లా లోడు మారి తమరి లోపలి తీగచుట్టలు, అదే కాయిల్స్, సన్నగా చీ అంటున్నాయి. పాత ఫ్యాన్ ఉన్నప్పుడు ఆ రొదలో ఇలాంటివి వినబడేవి కావు. మా ఆవిడేమో "పైన సీలింగ్ ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటే మీకు ఆ డబ్బాలో చప్పుడు ఎలా వినిపిస్తోందండీ?" అంటుంది. ఆవిడకి నా దగ్గర జవాబు లేదు, తమరి దగ్గర ఉంటే చెప్పండి.

కాబట్టి చర్య తీసుకుంటున్నాను. ఆదివారం డబ్బా పైమూతకి 120 మి.మీ. ఫ్యాన్ బిగించి నిమిషానికి 500 చుట్ల మీద వదులుతాను. అది తమరి ఫ్యాన్ కాదు, తమరి హోదాకి భంగం లేదు, పెట్టె మీద 'ఫ్యాన్‌లెస్' అన్న అక్షరాలు అలాగే ఉంచుతాను. అభ్యంతరాలుంటే శనివారం సాయంత్రంలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. చీ అంటే మాత్రం లెక్కలోకి తీసుకోబడదు.

ఇట్లు,
తమరి బిల్లు కట్టినవాడు
విశాఖపట్నం