బల్లార్షా ఎండకు తట్టుకునే గేమింగ్ పీసీ: బడ్జెట్టు ఎక్కడ మొదలుపెట్టాలి

తక్కువ ఖర్చులో సొంతంగా గేమింగ్ కంప్యూటరు బిగించుకోవాలనుకునే తెలుగు కుర్రాళ్లకు ఇప్పుడు సలహాలకు కొదవ లేదు. ఏ బడ్జెట్టుకు ఏ ప్రాసెసరు, ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలో చెప్పే జాబితాలు తెలుగులోనే బోలెడు దొరుకుతున్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం హైదరాబాదులో ఏసీ గదిలో ఆడుకుంటూ, ఏదైనా పాడైతే సాయంత్రానికల్లా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పట్టుకెళ్లగలిగే మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. మహారాష్ట్ర అంచున ఉన్న బల్లార్షా, రాజురా, అహేరి, సిరొంచ వంటి చోట్ల తెలుగు ఇళ్లకు ఆ జాబితా ఉన్నదున్నట్టు సరిపోదు. ఇక్కడ లెక్కను తారుమారు చేసేవి రెండు: మే నెల ఎండ, కొనాలన్నా బాగుచేయించాలన్నా వెళ్లాల్సిన నాగ్‌పూర్ దూరం. ఈ రెండింటినీ కలుపుకోకుండా వేసిన బడ్జెట్టు కాగితం మీద మాత్రమే చవకగా కనిపిస్తుందని నా అభిప్రాయం.

బొగ్గు గనుల మీద బతికే ఇళ్లలో పెద్ద కొనుగోళ్లు దసరాకు జరుగుతాయి. కోల్ ఇండియా, దాని అనుబంధ సంస్థ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏటా ఇచ్చే బోనసు పండుగ ముందు చేతికి వస్తుంది, ఇంట్లో పిల్లవాడి కంప్యూటరు కోరిక అప్పుడే తీరుతుంది. అక్టోబరులో బిగించిన పీసీ ఫిబ్రవరి దాకా తన లోపాలేవీ బయటపెట్టదు. చంద్రపూర్ జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. దేశంలో ఆ రోజు అత్యధిక వేడి నమోదైన ఊళ్లలో చంద్రపూర్, బ్రహ్మపురి పేర్లు తరచూ వినిపిస్తాయి. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి చిప్పుల వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలే పెరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 70 దగ్గర ఆడిన ప్రాసెసరు 40 డిగ్రీల గదిలో 85 దగ్గరికి చేరుతుంది. వేడి ఇంకా పెరిగితే అది తన వేగాన్ని తానే తగ్గించుకుని బయటపడుతుంది. అంత తెలివి లేని భాగం ఒకటుంది, అదే పీసీ భాగాలన్నింటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్. కాబట్టి ఈ ప్రాంతంలో బడ్జెట్టు రాసుకునేటప్పుడు మొదటి వరుసలో దాని పేరే ఉండాలి.

క్యాబినెట్‌తో పాటు ఉచితంగానో, ఎనిమిది తొమ్మిది వందలకో వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లనో 500 వాట్లనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని వదిలేసి పక్కనున్న చిన్న అక్షరాల పట్టికను చదవాలి. గేమింగ్ పీసీలో ప్రాసెసరూ కార్డూ తాగే కరెంటు దాదాపు అంతా 12 వోల్టుల లైను నుంచే వస్తుంది. ఆ లైనుకు 18 ఆంపియర్లు అని రాసి ఉంటే 12తో గుణిస్తే వచ్చేది 216 వాట్లే, పైన ముద్రించిన అంకె ఎంతైనా సరే. ఇంకో సంగతి, లోపల కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్లది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికీ సుమారుగా సగానికి పడిపోతుంది. చవక రకాల్లో 85 డిగ్రీల కెపాసిటర్లు, మంచి రకాల్లో 105 డిగ్రీలవి వాడతారు. పెట్టె మీద కనిపించే 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత పొదుపుగా వాడుకుంటుందో చెబుతుందే తప్ప ఎండను ఎంత తట్టుకుంటుందో చెప్పదు, ఆ పరీక్ష జరిగేది 23 డిగ్రీల వేడిలో. అందుకని 80 ప్లస్ బ్రాంజ్ ముద్రతో పాటు 40 లేదా 50 డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందని తయారీదారు రాతపూర్వకంగా చెప్పిన, ఐదేళ్ల వారంటీ ఉన్న 550 వాట్ల యూనిట్ తీసుకోవడం మేలు. ఇన్‌పుట్ దగ్గర 200 నుంచి 240 వోల్టులు అని కాకుండా 100 నుంచి 240 అని ఉన్నది ఎంచుకుంటే, వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ కుంగినప్పుడు విడిగా స్టెబిలైజరు అవసరం కూడా తప్పుతుంది.

దీనికి ముడిపడినదే బ్యాటరీ విషయం. మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో, లాగే కరెంటును సర్దుకునే యాక్టివ్ పీఎఫ్‌సీ సర్క్యూటు ఉంటుంది; చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు ఇచ్చే కరెంటు దానికి చాలాసార్లు పడదు. కరెంటు పోయిన క్షణంలో పీసీ రీస్టార్ట్ అవుతుంది, లేదా ఎస్‌ఎంపీఎస్ గీమని మూలుగుతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఇప్పటికే ఉంటే అది లైను కరెంటులాంటి కరెంటునే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకమా అన్నది చూసుకోవాలి, వెనకాల ఉండే చిన్న స్విచ్చును యూపీఎస్ మోడ్‌లోకి మార్చాలి. విడిగా యూపీఎస్ కొనేవారు 600 వీఏ అన్న అంకెను నమ్మి మోసపోకూడదు, దానిలో నిజంగా దొరికేది 360 వాట్లే. ఆట జోరులో ఉన్నప్పుడు మానిటరుతో కలిపి 300 వాట్లకు పైగా లాగే పీసీకి అది అంచున నిలబడటమే. 1000 వీఏ కొనాలి, లేదంటే యూపీఎస్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాలి. మధ్యేమార్గం డబ్బు దండగ.

క్యాబినెట్ దగ్గర చెప్పాల్సింది సూటిగా చెబుతాను. ముందు భాగం మొత్తం అద్దంతో మూసేసి, లోపల రంగుల లైట్లు వెలిగే పెట్టె ఇక్కడి ఎండకు పనికిరాదు. ముందు జాలీ ఉండాలి, జాలీ వెనక ఊడదీసి కడుక్కోగలిగే ఫిల్టరు ఉండాలి, ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగితే వెనక ఒకటి బయటికి నెట్టాలి. బొగ్గు లారీలు తిరిగే దారుల పక్కన, థర్మల్ కేంద్రం చుట్టుపక్కల ఉండేవారికి ఫిల్టరు ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. నెల తిరిగేసరికి హీట్‌సింకు రెక్కల మధ్య నల్లటి పొర పేరుకుంటుంది. విదర్భలో ఇంటింటా ఉండే ఎయిర్ కూలరు గదిని చల్లబరిచి పీసీకి మేలే చేస్తుంది కానీ, దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకూడదు, నీటి తుంపరలతో పాటు ఉప్పు పొర కూడా బోర్డు మీద చేరుతుంది. మరో ఇబ్బంది: కరెంటు పోతే కూలరు ఆగిపోతుంది, ఇన్వర్టరు మీద ఆట మాత్రం సాగుతూనే ఉంటుంది. అలాంటి మధ్యాహ్నాల్లో ఆట ఆపేయడమే మంచిది.

ఇక ప్రాసెసరు. ఈ తరగతి బడ్జెట్టులో సాధారణంగా సూచించే పేర్లు ఏఎండీ రైజెన్ 5 5600, ఇంటెల్ ఐ5-12400ఎఫ్. రెండూ 2022లో వచ్చినవి, రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. రెండూ 65 వాట్ల తరగతివే, పెట్టెలో వచ్చే కూలరుతోనే నెట్టుకొస్తాయి. వేగంలో వీటి మధ్య తేడా మామూలు 60 లేదా 75 హెర్ట్జ్ మానిటరు మీద కంటికి ఆనదు. నేను పట్టించుకునేది వేరొకటి. ఈ రెండింటిలోనూ సొంత గ్రాఫిక్స్ లేదు, అంటే కార్డు పాడైతే తెర మీద బొమ్మే రాదు. సికింద్రాబాదులో ఉన్నవాడికి ఇది రెండు రోజుల తలనొప్పి. సిరొంచలో కార్డు విప్పి, నాగ్‌పూర్‌కో మంచిర్యాల మీదుగా హైదరాబాదుకో పంపి, వారంటీ కింద అది తిరిగొచ్చేదాకా వారాలు పట్టే వాడికి అన్ని రోజులూ కంప్యూటరు మూలన పడి ఉంటుంది, దానితో పాటే కాలేజీ పనీ ఆగుతుంది. అందుచేత ధర కాస్త ఎక్కువైనా సొంత గ్రాఫిక్స్ ఉన్న, చివర ఎఫ్ లేని ఐ5-12400 తీసుకోవడం ఇక్కడ తెలివైన పని. ఏఎండీ వైపు వెళ్తే రైజెన్ 5 5600జీ ఉంది. దాని క్యాష్ (ప్రాసెసరు లోపలి వేగవంతమైన మెమరీ) 5600లో సగమే, కార్డు పెట్టే స్లాటు వేగం కూడా పాత పీసీఐఈ 3.0 దగ్గరే ఆగుతుంది, కానీ కార్డు లేకుండానే వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ వంటివి తక్కువ సెట్టింగుల్లో ఆడిస్తుంది. బోనసుకు పీసీ, వచ్చే ఏటి బోనసుకు కార్డు అని రెండు విడతలుగా కొనేవారికి నేను చెప్పేది ఇదే. అప్పుడు ర్యామ్ మాత్రం రెండు 8 జీబీ స్టిక్కులుగా ఉండి తీరాలి, ఒక్క స్టిక్కుతో సొంత గ్రాఫిక్స్ వేగం ఘోరంగా పడిపోతుంది.

ఏఎండీ ప్రాసెసర్లకు వాడే పాత స్టాకు బీ450 మదర్‌బోర్డు కొంటుంటే రైజెన్ 5000 తరం ప్రాసెసరుకు తగ్గట్టు బయాస్ (బోర్డును మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, దుకాణంలోనే ఆన్ చేసి చూపించమని అడగాలి. అడగడానికి మొహమాటపడితే మళ్లీ నాగ్‌పూర్ బండెక్కాల్సి వస్తుంది.

కార్డు విషయంలో వాట్లను కూడా ధరలో భాగంగానే చూడాలి, ఎందుకంటే కార్డు తాగిన ప్రతి వాటూ ఆ గదిలోనే వేడిగా మిగులుతుంది. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) తెరకు 2021లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 6600 ఇప్పటికీ చెప్పుకోదగ్గ ఎంపిక, 8 జీబీ మెమరీతో 132 వాట్లలో పని ముగిస్తుంది. 2023 నాటి ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 అంతే మెమరీతో, ఇంకా ఎక్కువ వేగాన్ని 115 వాట్లలోనే ఇస్తుంది, ధర అందితే అదే తీసుకోవచ్చు. ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డుకు 12 జీబీ మెమరీ ఉన్నమాట నిజమే కానీ అది 190 వాట్లు లాగుతుంది, కార్డు మెమరీనంతా ప్రాసెసరు ఒకేసారి అందుకునే రీసైజబుల్ బార్ సదుపాయం లేని బోర్డుల మీద, పాత ప్రాసెసర్లతో తడబడుతుంది. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో రెండు వేర్వేరు కార్డులు ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి: 2024లో వచ్చిన 6 జీబీ రకం 70 వాట్లతో, విడి పవర్ వైరు లేకుండా నడుస్తుంది కానీ 8 జీబీ రకంకన్నా నెమ్మది. మొత్తం బడ్జెట్టులో కార్డు వాటా ఐదింట రెండు వంతులు దాటకుండా చూసుకుంటే ఎస్‌ఎంపీఎస్‌కు, క్యాబినెట్‌కు డబ్బు మిగులుతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డుల మీద మోజు ఎక్కువ కాబట్టి ఒక మాట. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకున్నాక గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని తవ్వే పని నిలిచిపోయింది, నెలల తరబడి రాత్రింబవళ్లు నడిచిన కార్డులు అప్పుడు సంతకొచ్చాయి. వాటిలో ఆర్‌ఎక్స్ 580 బాగా కనిపిస్తుంది. 2017 నాటి ఆ కార్డు 185 వాట్లు లాగుతుంది. పేరు చివర 2048ఎస్‌పీ అని ఉంటే అది అసలు 580 కూడా కాదు, ఆర్‌ఎక్స్ 570తో సమానం. ఆఫీసుల నుంచి తీసేసిన నాలుగో తరం ఇంటెల్ పీసీలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే బోర్డులో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ ఉండాల్సిందే.

ర్యామ్ ధరలు పాత సలహాలన్నింటినీ తలకిందులు చేశాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వైపు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ మొగ్గడంతో 2025 చివరి నుంచి ధరలు విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కొత్త రకం ర్యామ్ అయిన డీడీఆర్5 తప్ప మరొకటి పట్టని, ఏఎండీ కొత్త ప్రాసెసర్లకు వాడే ఏఎం5 బోర్డును, రేపటికి పనికొస్తుందని ఈ బడ్జెట్టులో నెత్తికెత్తుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్కులు ఉన్నవారు వాటికి తగిన బోర్డే కొనాలి. ఇంటెల్ 12వ తరానికి డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల బోర్డులూ ఉన్నందున పెట్టె మీద చూసుకుని తీసుకోవడం తప్పనిసరి.

కొనేది నాగ్‌పూర్‌లోనైనా హైదరాబాదులోనైనా జీఎస్‌టీ 18 శాతమే కాబట్టి బిల్లు లేకుండా మిగిలే డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు. ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోవాలి, ఆ బ్రాండు సర్వీసు కేంద్రం మీరు వెళ్లగలిగే ఊళ్లో ఉందో లేదో డబ్బు కట్టకముందే తెలుసుకోవాలి. రెండు బ్రాండ్ల మధ్య తేడా కొద్దిపాటిదే అయితే దగ్గర కేంద్రం ఉన్నదే గెలుస్తుంది.

మిగిలింది నెలనెలా వచ్చే బిల్లు. 300 వాట్ల పీసీ రోజుకు నాలుగు గంటలు నడిస్తే నెలకు 36 యూనిట్లు. మహారాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ మహావితరణ్ బిల్లులో 100 యూనిట్ల దగ్గర ఒకసారి, 300 దగ్గర మరోసారి రేటు పెరుగుతుంది. కూలరు రాత్రంతా తిరిగే మే నెలలో ఈ 36 యూనిట్లు పై శ్లాబులో పడే అవకాశం ఎక్కువ. 60 హెర్ట్జ్ మానిటరు ఉన్నవారు కార్డు డ్రైవరు సెట్టింగుల్లో సెకనుకు వచ్చే ఫ్రేములను 60కి కట్టేసి, కార్డు లాగే వాట్ల హద్దు అయిన పవర్ లిమిట్‌ను పదిహేను, ఇరవై శాతం దించితే వేగంలో నష్టం స్వల్పం. వాట్లూ వేడీ ఫ్యాన్ల మోతా మూడూ తగ్గుతాయి, పైసా ఖర్చుండదు. జూన్‌లో వానలు పడ్డాక కావాలంటే మళ్లీ పెంచుకోవచ్చు.