గాలిచేపను లేపేముందు గ్రామసభ పెట్టారా?

కొహొలింట్ ద్వీపవాసుల తరఫున ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. రాయమని వాళ్లెవరూ నన్ను అడగలేదు. అడగడానికి వాళ్లిప్పుడు లేరు. నా ఫిర్యాదు కూడా అదే.

సంగతి తెలియనివారి కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 1993లో నింటెండోవాళ్లు గేమ్‌బాయ్ అనే చేతిలో పట్టుకునే ఆటయంత్రం కోసం జెల్డా వరసలో ‘లింక్స్ అవేకనింగ్’ అనే వీడియో ఆట వదిలారు. ఆఫీసు వేళలు అయిపోయాక కొందరు ఉద్యోగులు సరదాగా మొదలుపెట్టిన పని అది. తరవాత అదే అసలు ప్రాజెక్టు అయి కూర్చుంది. (మన దగ్గర ఆఫీసు వేళలు అయిపోయాక మొదలయ్యేది చిట్టీల వ్యాపారం. అది చాలాసార్లు ఆఫీసు వేళల్లోనే మొదలవుతుంది.) ఆ క్యాసెట్టులో ఉన్న సరుకంతా కలిపి 512 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గులాబీపువ్వు వీడియో అంతకంటే బరువుంటుంది. తెర వెడల్పు 160 చుక్కలు, ఎత్తు 144 చుక్కలు, రంగులు నాలుగే, అవీ బూజుపట్టిన పచ్చలో ఛాయలు. అందులోనే కొహొలింట్ అనే ద్వీపం: ఒక ఊరు, జంతువులకు వేరే ఊరు, ఎడారి, అడవి, కొండ. కొండకొమ్మున మచ్చలమచ్చల గుడ్డు. గుడ్డులో గాలిచేప నిద్రపోతూ ఉంటుంది.

పేరు చేప, ఆకారం తిమింగలం, వీపున రెక్కలు, ఈదేది ఆకాశంలో, పడుకునేది గుడ్డులో. ఇలాంటి ప్రాణి మన రాష్ట్రంలో పుట్టి ఉంటే మత్స్యశాఖ దాన్ని పశుసంవర్ధక శాఖకు, ఆ శాఖ అటవీశాఖకు, అటవీశాఖ విమానాశ్రయంవాళ్లకు రాసుకుంటూ, ఎవరూ లేపకుండా హాయిగా కొన్ని తరాలు గడిచిపోయేవి. కొహొలింట్‌కు ఆ అదృష్టం లేదు. అక్కడ శాఖలు లేవు. ఉన్నది ఒక్క గుడ్లగూబ.

తుపానులో పడవ పగిలి లింక్ అనే కుర్రాడు ఆ ద్వీపం ఒడ్డుకు కొట్టుకొస్తాడు. మేరిన్ అనే అమ్మాయి చూసి ఇంటికి తీసుకెళ్తుంది. ఆ ఇంట్లోనే ఉండే టారిన్ వాడి డాలు వాడికి భద్రంగా అప్పగిస్తాడు. కత్తి వెతుక్కోవడానికి మళ్లీ ఒడ్డుకు వెళ్తే గుడ్లగూబ దిగుతుంది. గాలిచేపను లేపితే తప్ప నువ్వు ఈ ద్వీపం దాటలేవు అని చెబుతుంది. మన ఊళ్లో ఇంటి కప్పు మీద గుడ్లగూబ వాలితేనే శాంతి చేయిస్తారు. ఇక్కడది ప్రతి మలుపులో వాలి ఉపన్యాసం ఇస్తుంది, వినక తప్పదు. ఆట మొత్తంలో దాన్ని ఎదురు ప్రశ్న అడిగే మీట ఒక్కటీ లేదు. ప్రెస్ మీట్ అంటే ఇలా ఉండాలని అనుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

చివర్లో తెలుస్తుంది, ఆ గుడ్లగూబ గాలిచేప ఆత్మలో ఒక భాగమేనట. అంటే ప్రాజెక్టు కావాలన్న యజమానీ, ప్రాజెక్టు మంచిదేనని సలహా ఇచ్చిన కన్సల్టెంటూ ఒకే ఇంటివాళ్లు. ఈ ముక్క మొదటి రోజే చెప్పి ఉంటే కుర్రాడు ఇంకొకరి సలహా కూడా అడిగేవాడేమో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ద్వీపమంతా గాలిచేప కల. చేప లేస్తే కల పోతుంది. కల పోతే ఊరు, ఊళ్లో కోళ్లు, మేరిన్, టారిన్, ఎదురుపడితే సిగ్గుపడి ఫోనులో మాత్రమే నోరు విప్పే ముసలాయన, ఆయన్ని పిలవడానికి దారి పొడుగునా కట్టించిన టెలిఫోను గుడిసెలు, అన్నీ పోతాయి. మరి వాళ్లకు నోటీసు ఇచ్చారా?

ఇచ్చారు. ఎక్కడ ఇచ్చారో చెబుతాను, వినండి. దక్షిణాన ఒక పాడుబడ్డ గుడి ఉంది. లోపల రాతి కవచం తొడుక్కున్న రాక్షస భటుడు కాపలా. వాణ్ణి చంపి, చీకటిగదిలోకి వెళ్లి, గోడ మీద చెక్కింది చదివితే తెలుస్తుంది, ఇదంతా ఒక నిద్రపోయేవాడి కంటిరెప్ప మీది బొమ్మేనని. చదివింది ఎవరు? బయటనుంచి వచ్చిన కుర్రాడు. ఊరివాళ్లలో ఆ గది గడప తొక్కినవాడు ఒక్కడు లేడు. తొక్కితే కాపలావాడు తొక్కేస్తాడు. చట్టప్రకారం నోటీసు అంటించాం, అభ్యంతరాలు రాలేదు, ఫైలు ముందుకు పంపాం. ఏ రెవెన్యూ గుమాస్తానైనా అడగండి, ఇంతకంటే పద్ధతిగా పని జరగదంటాడు.

మన దేశంలో 2013 భూసేకరణ చట్టం వచ్చాక ప్రైవేటు ప్రాజెక్టుకు భూమి తీసుకోవాలంటే నష్టపోయే కుటుంబాల్లో కనీసం 80 శాతం ఒప్పుకోవాలి. ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేస్తే 70 శాతం. దానికి ముందు సామాజిక ప్రభావం అంచనా వేయాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కొహొలింట్‌లో ఆ సభ పెట్టి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకుంటున్నాను. మేబ్ గ్రామం నడిబొడ్డున షామియానా. ముందువరసలో గొలుసు కట్టిన ఇనపగుండు కుక్క, పక్కన దాని యజమానురాలు. పిల్లలిద్దరు బంతి ఆడుకుంటూ, ఆట ఎలా భద్రపరుచుకోవాలో, ఏ మీట నొక్కాలో వచ్చినవాళ్లకు చెబుతుంటారు. మీరు చెప్పేదాని అర్థమేమిటర్రా అంటే, మేం పిల్లలం, మాకేం తెలుసు అంటారు. (ఇది నా కల్పన కాదు, ఆటలో వాళ్లు నిజంగానే ఆ ధోరణిలో మాట్లాడతారు. పాంప్లెట్లు పంచే కుర్రాళ్లను మీరూ చూసే ఉంటారు.) టారిన్ రాడు. పుట్టగొడుగు తిని ఒకసారి రకూన్ అనే జంతువుగా మారిపోయాడు, తేనెపట్టును కర్రతో పొడిచి ఇంకోసారి తేనెటీగల చేత తరిమించుకున్నాడు. ఆయన హాజరు కూడా వేలిముద్రతో వేసేస్తారు.

సమ్మతి లేకుండా పోలేదని వాదించేవాళ్లున్నారు. గాలిచేపను లేపే పాట లింక్‌కు నేర్పింది మేరినే కదా అంటారు. నేర్పింది, నిజమే. ఆ అమ్మాయికి పాడటం ఇష్టం. సముద్రపుకాకిలా ఎగిరిపోయి ఎక్కడెక్కడో పాడాలని ఆమె కోరిక. ఒడ్డున పక్కపక్కనే కూర్చుని ఆ మాట చెబుతుంది కూడా. ఆ పాట పాడితే తన ఇల్లు పోతుందని ఆమెకు ఎవరైనా చెప్పారా? ఎడారి దారికి అడ్డంగా పడుకున్న వాల్రస్ అనే సముద్రజంతువును లేపడానికి ఆమెనే వెంటబెట్టుకెళ్లి పాడించారు. ఆ వాల్రస్ లేచి, గంతులేసి, నీళ్లలోకి దూకింది. అంతా నవ్వుకున్నారు. లేపడమంటే ఇంతేనని ఆమె అనుకుంటే తప్పెవరిది?

లేపడం మనకేం కొత్త కాదు. తిరుమలలో తెల్లవారుజామునే సుప్రభాతం పాడి స్వామిని లేపుతారు. ఆయన లేచినందువల్ల లోకం మాయమైన దాఖలా ఒక్కటీ లేదు, దర్శనం క్యూ కదులుతుంది, అంతే. లంకలో కుంభకర్ణుణ్ణి భేరీలు మోగించి, ఏనుగుల చేత తొక్కించి లేపారు. ఆయన లేచి ముందు తిన్నాడు, తరవాత ఎందుకు లేపారని అడిగాడు. రాక్షసరాజ్యంలో కూడా లేచినవాడికి ఆపాటి బాధ్యత ఉంది. మన గాలిచేప లేచీ లేవగానే, కలలు అంతమవడం సహజం, జ్ఞాపకం మిగులుతుంది అనే అర్థం వచ్చేలా రెండు ముక్కలు చెప్పి, ఆకాశంలోకి చక్కాపోయింది.

పరిహారం: జ్ఞాపకం. ఎకరానికెంత?

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మమ్మగారి ఊరు ఒక ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. సర్వేకు వచ్చినవాళ్లు గుమ్మం పైన ఎర్రరంగుతో నెంబరు వేసి వెళ్లారట. ఇంటికి లెక్క కట్టారు, పెరట్లో బావికి కట్టలేదు. అడిగితే, బావిలో ఉన్నవి నీళ్లే కదా, రేపు ఊరంతా నీళ్లే అన్నాడట ఒకాయన. కొత్త చోట కట్టిన కాలనీకి పాత ఊరి పేరే పెట్టి ముందు ‘కొత్త’ అని తగిలించారు. జ్ఞాపకం మిగులుతుందన్నమాట. ఎండలు ముదిరి నీళ్లు తగ్గిన ఏడు మొండిగోడలు తేలేవి. మా అమ్మమ్మ బస్సెక్కి వెళ్లి, బురదలో నిలబడి, "ఒరే, ఇదిగో ఇక్కడే మన పొయ్యి" అనేది. నాకు రాళ్లు కనిపించేవి.

సరే, ద్వీపానికి వద్దాం. అక్కడ చట్టం లేదనుకుంటే పొరపాటు. కొట్లో పార ఖరీదు 200 రూపాయలు, విల్లు 980. అవును, వాళ్ల నాణేన్ని కూడా రూపాయే అంటారు, కాకపోతే మన రూపాయిలా రోజురోజుకూ చిక్కిపోదు. కొట్టువాడు అటు తిరిగినప్పుడు డబ్బు కట్టకుండా బయటపడితే ఆ రోజు నుంచి ద్వీపంలో ఎవరూ నిన్ను పేరు పెట్టి పిలవరు. దొంగ అంటారు. ఎవరికీ ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోతుంది. మళ్లీ ఆ కొట్లో అడుగుపెడితే కొట్టువాడు అక్కడికక్కడే మెరుపుతో కాల్చి చంపుతాడు. ఎఫ్‌ఐఆర్ లేదు, వాయిదా లేదు.

పార ఎత్తుకుపోయినవాడు దొంగ. ఆ పారతో తవ్విన నేల, నేల మీది కొట్టు, కొట్లోని కొట్టువాడు, మొత్తం ద్వీపాన్ని చంకనేసుకుపోయినవాడు వీరుడు. వాడి పేరు మారదు. పైగా వెనక సంగీతం.

దుస్స్వప్నాల మాట కూడా ఎత్తాలి, లేకపోతే ఏకపక్షంగా రాశానంటారు. గాలిచేప కలలో దూరి, దాన్ని నిద్రలోనే ఉంచి, ద్వీపాన్ని ఏలుకుందామని చూసే రాక్షసులవి. లేపడానికి కావలసిన ఎనిమిది వాయిద్యాలను ఎనిమిది నేలమాళిగల్లో దాచి కాపలా కాస్తాయి. సెల్లో, శంఖం, గంట, వీణలాంటి హార్ప్, మరింబా, పగడపు త్రికోణం, ఆర్గన్, డోలు. మమ్మల్ని చంపితే మీకు కూడా ఊరుండదని అవి చెబుతూనే ఉంటాయి. చెప్పింది నిజమే, చెప్పిన నోరే మంచిది కాదు. కుర్చీ కోసం చెప్పే నిజాన్ని జనం అబద్ధం కింద జమకడతారు. కొహొలింట్‌లో ప్రతిపక్షం ఇలాగే పోయింది.

కొందరు పెద్దమనుషులు ఇంకో అడ్డుపుల్ల వేస్తారు. అసలు లేనివాళ్లకు పునరావాసమేమిటయ్యా, అంతా కలే కదా, జగమే మాయ అన్నారు కదా అంటారు. జగం మాయ అని చెప్పే వాళ్లను చాలామందిని చూశాను. మైకు సెట్టు అద్దె మాయ అన్నవాణ్ణి చూడలేదు.

పునరావాసం బొత్తిగా లేదనడం కూడా న్యాయం కాదు. ద్వీపం మొత్తానికి ఒక్క లబ్ధిదారు ఉంది, మేరిన్. ఆట మొదలుపెట్టింది మొదలు ముగిసేదాకా లింక్ ఒక్కసారి కూడా చావకపోతే, చివర్న ఆ అమ్మాయి ఎగిరిపోతున్నట్టు చూపిస్తారు. అర్హత నిబంధన గమనించారా? నిర్వాసితురాలు ఏం చేసిందన్నది ప్రశ్నే కాదు. కాంట్రాక్టరు ప్రాణానికి ఢోకా లేకుండా పని పూర్తి కావాలి. తక్కినవారి పేర్లు జాబితాలోనే లేవు.

నా సంగతి అడుగుతారేమో, మీరు లేపారా అని. చిన్నప్పుడు మా చిన్నాన్న దుబాయ్ నుంచి గేమ్‌బాయ్ తెచ్చాడు. నాలుగు పెన్సిల్ సెల్లులు తినేది. సెల్లులు అయిపోతే ఎండలో పెట్టి, పళ్లతో కొరికి, మళ్లీ వేసేవాళ్లం. ఎనిమిది వాయిద్యాలూ సంపాదించాను. కొండెక్కి గుడ్డు ముందు పాట ఊది లోపలికి కూడా వెళ్లాను. గుడ్డులో దారి తెలియాలంటే గ్రంథాలయంలో చిన్నచిన్న అక్షరాల పుస్తకం చదవాలి, దానికి భూతద్దం కావాలి, భూతద్దం కావాలంటే బొమ్మ ఇచ్చి రిబ్బను, రిబ్బనిచ్చి కుక్కతిండి, అదిచ్చి అరటిపళ్లు, అలా పద్నాలుగో వస్తువు దాకా ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి దిగాలి. మధ్యలో ఒక మేక పెళ్లిచూపుల తరహాలో వేరే అమ్మాయి ఫొటో పెట్టి ఉత్తరం పంపుతుంది, దాన్ని మోసుకెళ్లాలి. కులధృవీకరణ పత్రం తెచ్చుకున్న అనుభవం ఉన్నవారికి ఇది కష్టం కాదు. నాకు అప్పటికి ఆ అనుభవం లేదు. దారి తెలియక ఆగిపోయాను. పెద్దయ్యాక, ద్వీపవాసుల మీద గౌరవంతో ఆపానని చెప్పుకోవడం మొదలుపెట్టాను. పెండింగు ఫైళ్లన్నిటి చరిత్రా దాదాపు ఇలాగే ఉంటుంది. ఏమైతేనేం, ఊరు నిలబడింది. ఇన్నేళ్లు అటకమీద రేకుపెట్టెలో మేరిన్ పాడుకుంటూనే ఉందని నా ధీమా.

మొన్న దసరాకు మేనల్లుడు వచ్చి ఆ క్యాసెట్టు పైకి తీశాడు. కొత్త సెల్లులు వేశాడు. 2019లో వచ్చిన రంగుల ఆట వాడి నింటెండో స్విచ్ యంత్రంలో ఉంది, అయినా పాతది చూస్తానన్నాడు.

"ఇందులో ఏం లేదు మావయ్యా," అన్నాడు.

ఆట భద్రపరిచే మూడు గళ్లూ ఖాళీ. ఆ క్యాసెట్టు లోపల గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, భద్రపరిచిందంతా దాని చలవే. అది ఎప్పుడో చచ్చింది. పాట లేదు, వాయిద్యాలు లేవు, గుడ్డు పగల్లేదు. ఏ వర్షాకాలంలో పోయిందో కూడా తెలీదు. ఆఫీసుల్లో ఫైళ్లు కాలిపోతే కనీసం విచారణ సంఘం వేస్తారు.

వాడు అక్కడే కూర్చుని కొత్త ఆట మొదలుపెట్టాడు. తుపాను, పడవ, ఒడ్డు, వాడి మీదికి వంగి చూస్తున్న మేరిన్. కొట్లో పార కావాలంటే డబ్బు కట్టి కొనుక్కోరా, ఎత్తుకుపోకు అని మాత్రం చెప్పాను. వాడు తలెత్తకుండా "నాకు తెలుసులే మావయ్యా" అన్నాడు.

సాయంత్రం చూసేసరికి ఊళ్లో అందరూ వాణ్ణి దొంగ అని పిలుస్తున్నారు, వాడేమో బాణాల కోసం మళ్లీ అదే కొట్లోకి పోతున్నాడు.