పాప కనిపించట్లేదు

ఇది మొన్న శనివారం సంగతి. ఎవరితోనైనా చెప్పుకోకపోతే కడుపుబ్బరం తగ్గేలా లేదు.

నా కంటి పవర్ మైనస్ ఆరు. రెండు కళ్లూ సమానంగానే చెడ్డాయి. అద్దాలు తీస్తే నా ప్రపంచం ముక్కు నుంచి జానెడు లోపే. ఆ పైన అంతా ఆవిరి పట్టిన బాత్రూమ్ అద్దం. లేజర్ చేయించుకుంటే పీడా వదులుతుందని మా ఆవిడ తేల్చేసింది. హైదరాబాద్‌లోనే ఒక పెద్ద కంటాసుపత్రికి వెళ్లాం. పేరు చెప్పను, మళ్లీ వెళ్లాల్సింది అక్కడికే.

కౌన్సెలర్ అమ్మాయి టిఫిన్ సెంటర్‌లో మెనూ చదివినట్టు గడగడా చెప్పుకుపోయింది. పీఆర్‌కే అంటే కార్నియా, అదే నల్లగుడ్డు ముందుండే అద్దం లాంటి పొర, దాని మీది పలచటి తొడుగు తీసేసి లేజర్ కొడతారు. ఆ తొడుగు మళ్లీ వచ్చేదాకా నాలుగైదు రోజులు మంట. లాసిక్ అంటే మసాలా దోసె: మడత ఎత్తి, లోపల పని కానిచ్చి, మళ్లీ మూసేస్తారు. స్మైల్‌లో మడతా లేదు, మూతా లేదు. లోపల్లోపలే సన్నటి బిళ్ల కోసి, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గాటులోంచి లాగేస్తారు, కాయలోంచి ముంజను వేలితో లాగినట్టు. దోసె, ముంజ నా పైత్యం. ఆ అమ్మాయి మాత్రం ప్రతి దాన్నీ ‘ప్యాకేజీ’ అంది.

కార్నియా మొత్తం మందమే సుమారు 540 మైక్రాన్లట, అంటే అర మిల్లీమీటరు చిల్లర. ఒక్కో పవర్‌కి 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి. నా ఆరుకి లెక్కేసుకుంటే 72 నుంచి 90. ఆస్తి కొంచెం, అప్పు ఎక్కువ అన్నమాట. తర్వాత ఏవేవో మిషన్ల మీద గడ్డం పెట్టించారు.

ఆ తర్వాత సిస్టర్ వచ్చి కళ్లలో చుక్కలు వేసింది.

"పాప పెద్దదవ్వాలి సార్, అరగంట పడుతుంది. కళ్లు మూసుకుని కూర్చోండి. బోర్డు చూసుకుంటూ ఉండండి. మీది 47. మిస్సయితే మళ్లీ చివరికే."

కళ్లు మూసుకుని బోర్డు చూడటం ఎలాగమ్మా అని అడిగేలోపే వెళ్లిపోయింది. నా అద్దాలు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో, మా ఆవిడ కింద బిల్లింగ్ కౌంటర్ దగ్గర లైన్లో.

కళ్లు మూసుకుంటే ఆలోచనలే. మద్రాసులో చదువుకుని అమెరికా వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్ గారు 1981 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండక్కి వండగా మిగిలిన టర్కీ కోడి ముక్కను ఐబీఎం ల్యాబ్‌కి పట్టుకెళ్లి, దాని మీద ఎక్సైమర్ లేజర్ కొట్టి చూశారు. చుట్టుపక్కల కాలకుండా, కమరకుండా, గీసినంత మేరే శుభ్రంగా తెగింది. లాసిక్‌కి బీజం అక్కడే పడింది. మిగిలిపోయిన కూరతో అంత సాధించారు మనుషులు. ఇక్కడ పేరు పెట్టి గట్టిగా పిలిచే మనిషిని మాత్రం పెట్టలేకపోయారు.

కళ్లు తెరిచాను. ఎదురుగా గోడ మీద చింతపండు పులుసు ఒలికినట్టు ఎర్రగా ఏదో ఉంది. అదే బోర్డు. అప్పుడు నాలోని హైస్కూలు సైన్సు నిద్ర లేచింది. సన్నటి కంతలోంచి చూస్తే మసక తగ్గుతుంది కదా! పిడికిలి బిగించి, మధ్యలో ఆవగింజంత సందు వదిలి, కంటికి ఆనించుకున్నాను. రెండో కన్ను మూశాను. అద్భుతం! పులుసు చిక్కబడి నాలుగు అంకె అయింది. పక్క అంకె మాత్రం అందలేదు. నాలుగడుగులు ముందుకేశాను. బోర్డు కింద పచ్చగా గుబురుగా ఏదో ఉంది. కుండీలో మొక్క అనుకున్నాను. పెద్ద ఆసుపత్రుల్లో ఉంటాయి కదా, దుమ్ము పట్టిన మొక్కలు. దాని మీదికి కాస్త వంగాను. అంకె కుదురుకుంటుంటే సంతోషం ఆగక నవ్వాను కూడా.

ఒక కన్ను మూసి, పిడికిలి కంటికి పెట్టి, ముందుకు వంగి, నవ్వు. మొక్క కోణంలోంచి చూస్తే ఎలా ఉంటుందో నేను ఆలోచించలేదు.

"ఏంటండీ మీరు?" అంది మొక్క.

"నలభై ఏడు వచ్చిందేమోనని చూస్తున్నానండి" అన్నాను.

"నాకింకా నలభై కూడా రాలేదు!"

పక్కనే ఉన్న తెల్లటి ఆకారం లేచింది. భర్తగారు. "ఏం మాస్టారూ, ఏం కావాలి?"

నిజం ఉన్నదున్నట్టు చెబితే పోయేది. నేను కంగారులో "ఏం లేదండీ, పాప పెద్దదవుతోంది, ఏమీ కనిపించట్లేదు" అన్నాను.

"పాప కనిపించట్లేదా?" ఆయన గొంతులో కోపం పోయి జాలి వచ్చింది. మంచివాడు. నేను నోరు తెరిచేలోపే "సెక్యూరిటీ! వీళ్ల పాప కనిపించట్లేదట!" అని కేకేశాడు. ఆ పచ్చచీర ఆవిడ నన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది.

నిమిషం తిరక్కుండా పైనుంచి గణగణమంటూ ప్రకటన: "చిన్నపాప తప్పిపోయింది, చూసినవారు దయచేసి రెండో అంతస్తుకు తీసుకురాగలరు." అప్పుడు తెలిసింది, ఆ ఆసుపత్రికి మైకు ఉందని. తెలుగులో, ఎంత స్పష్టంగా ఉందో!

మా ఆవిడ రొప్పుతూ పైకొచ్చింది. "ఎవరిదో పాప తప్పిపోయిందటండీ, పాపం" అంటూ అద్దాలు చేతికిచ్చింది. పెట్టుకుని బోర్డు చూశాను. 52.

చివరి వరసలోంచి డాక్టరుగారి దగ్గరికి వెళ్లేసరికి రెండున్నర. ఆయన కాగితాలు తిరగేసి, "కాంటాక్ట్ లెన్సులు వాడతారా?" అన్నారు. నిన్న పెళ్లికి పెట్టుకున్నానన్నాను. "అయితే ఈ కొలతలు నమ్మలేం. లెన్సులు కార్నియా ఆకారాన్ని మార్చేస్తాయి. రెండు వారాలు మానేసి రండి, మళ్లీ చూద్దాం. ముందే చెప్పలేదా మీకు?"

ఆసుపత్రివాళ్లు ఫోన్‌లో మూడుసార్లు మాట్లాడారు. మూడుసార్లూ ఈఎంఐ గురించే.

లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి మైకులో పాపని ఇంకా వెతుకుతూనే ఉన్నారు.